"జవాబు ముందే తెలిస్తే రీసెర్చ్ ఎందుకు మేడమ్?" స్కాలర్లకి టెస్టింగ్ నేర్పడంలో చేతులెత్తేశాను, సలహా కావాలి

చిరుజల్లు అడిగింది:

మాదాపూర్‌లో ఏడేళ్లు టెస్టింగే చేశాను. రెండేళ్ల కిందట అది వదిలేసి ఒక వ్యవసాయ పరిశోధన ల్యాబులో ప్రాజెక్టు ప్రోగ్రామర్‌గా చేరాను. జీతం సగమైంది, నిద్ర రెట్టింపైంది. ఇక్కడ పదహారు మంది స్కాలర్లున్నారు. ఏ పంటకి ఎన్నాళ్లకోసారి ఎంత తడి పెట్టాలి, వాన ఎంత ఇంకింది, ఎంత ఆవిరైంది, ఇవే లెక్కలు. అందరూ పైథాన్ రాస్తారు. ఆ కోడు సరిగ్గా పనిచేస్తోందా అని చూసే టెస్టు మాత్రం ఒక్కరూ రాయరు. ఒకమ్మాయి నోట్‌బుక్ పేరు "ఈటీ_సార్‌కి_చూపించింది" (ఈటీ అంటే నేల నుంచీ మొక్క నుంచీ ఆవిరైపోయే నీరు). పక్కనే ఇంకోటి, "ఈటీ_సార్‌కి_చూపించకూడనిది".

గైడుగారు పిలిచి, మీకు ఆ అనుభవం ఉంది కదా, ఒక పూట క్లాసు చెప్పండి అన్నారు. చెప్పాను. కంపెనీలో కొత్తగా చేరినవాళ్లకి చెప్పే పాఠమే చెప్పాను. ఒక కూడిక ఫంక్షన్, రెండూ మూడూ ఇస్తే ఐదు రావాలి, టెస్టులు నడిపే పైటెస్ట్ అనే టూలు నడిపితే పచ్చ చుక్క. తర్వాత కవరేజీ, అంటే కోడులో ఎంత భాగాన్ని టెస్టులు తాకాయన్న లెక్క. ఆ తర్వాత మాక్, అంటే టెస్టులో అసలు భాగం బదులు పెట్టే డమ్మీ. "మాక్ అంటే మాక్ వైవా లాంటిదా అక్కా?" అని అడిగారు. అక్కడికే సగం మంది ఫోన్లలోకి వెళ్లిపోయారు.

అప్పుడు మూడో ఏడాది కుర్రాడొకడు లేచాడు. "మేడమ్, రెండూ మూడూ ఐదని నాకు తెలుసు. ఈ సీజన్లో మా మొక్కజొన్న 486 మిల్లీమీటర్లు నీళ్లు తాగిందని నా కోడు చెబుతోంది. అది 486 అవునో కాదో నాకు తెలియదు. గైడుగారికీ తెలియదు. జవాబు ముందే తెలిస్తే రీసెర్చ్ ఎందుకు మేడమ్?"

నాకు నోట మాట రాలేదు. కంపెనీలో ఏది రావాలో రిక్వైర్‌మెంట్ డాక్యుమెంటులో రాసుండేది. ఇక్కడ ఆ డాక్యుమెంటు రాయాల్సింది ప్రకృతి, ఆవిడ సంతకం పెట్టదు.

నెల తర్వాత అందరి ఫోల్డర్లూ చూశాను. ఒక్కరి దగ్గర మాత్రం "టెస్ట్స్" అని ఫోల్డరుంది. అందులో ఒకే ఒక్క లైను: అసర్ట్ ట్రూ. ఏదీ చూడకుండా ఎప్పుడూ పాసయ్యే టెస్టు.

గైడుగారు ఇంకో పూట ఇచ్చారు, వచ్చే నెల. మూడు గంటలు. ఈసారి ఏం చేయను?

---

కేకే_డెవాప్స్ రాసింది:

ఇందులో ఆలోచించడానికేముంది? సీఐ పెట్టండి, కోడు మార్చినప్పుడల్లా టెస్టులు వాటంతటవే నడుస్తాయి. కవరేజీ 80 శాతం లేకపోతే ఎవరి కోడూ అందరి కోడులో కలవదని, మర్జ్ కాదని చెప్పండి. దెబ్బకి అందరూ దారికొస్తారు.

---

చిరుజల్లు: సగం మందికి కోడు మార్పులు దాచుకునే గిట్ కూడా లేదండీ. మర్జ్ చేయడానికి ఏముంది, పెన్‌డ్రైవ్ తప్ప.

---

చెలక_నేల రాసింది:

మేడమ్, ముందు ఆ మూడో ఏడాది కుర్రాణ్ని జాగ్రత్తగా చూసుకోండి. మీ క్లాసులో వింటున్నవాడు అతనొక్కడే. అతనడిగింది కొత్త ప్రశ్నేం కాదు. సరైన జవాబు ఇదీ అని చెప్పే నాథుడు లేని ప్రోగ్రాముని ఎలా పరీక్షించాలన్న దాని మీద ఎలైన్ వేయుకర్ 1982లోనే పేపరు రాశారు.

నేను కంప్యూటర్లవాణ్ని కాను, నీటి లెక్కలవాణ్ని. నా దగ్గర చేరిన పిల్లలకి నేర్పుతూ నేనూ నేర్చుకున్నాను. అతన్ని ఇలా అడగండి: 486 సరైనదో కాదో తెలియదన్నావు, బాగుంది. 4,860 వస్తే పేపర్లో రాస్తావా? మైనస్ 12 వస్తే? రాయడు. అంటే అతనికి తెలిసింది చాలా ఉంది. ప్లాటు గీసి, కంటితో చూసి, "ఆఁ బాగానే ఉంది" అనుకుని వదిలేస్తున్నాడు. ఆ "బాగానే ఉంది"లో ఏమేం ఉన్నాయో నోటితో చెప్పించడమే మీ క్లాసు. దాన్ని ఫైల్లో రాయడం పది నిమిషాల పని.

కాబట్టి మొదటి గంట కంప్యూటర్లు మూసేయించండి. తలా ఒక కాగితం. "మీ కోడు ఏ అంకె చూపిస్తే మీరు నమ్మరు?" అయిదు రాయమనండి. మావాళ్లు రాసినవి చూడండి: వాన సున్నా కంటే తక్కువ ఉండదు. గరిష్ఠ ఉష్ణోగ్రత కనిష్ఠం కంటే తగ్గదు. నేలలో నీరు నేల పట్టే దానికి మించదు. ఎండ ఎక్కువైతే ఆవిరి తగ్గదు. ఇవన్నీ టెస్టులే. ఆ మాట ఇంకా వాళ్లతో అనకండి.

రెండో గంటకి ఇంట్లో గోడకి వేలాడే తెలుగు క్యాలెండర్ పట్టుకెళ్లండి, సూర్యోదయం, సూర్యాస్తమయం వేసేది. నిజంగానే చెబుతున్నాను. ఈటీ లెక్కలో ప్రతివాడూ పగటి పొడవు కట్టాలి కదా. అక్షాంశం, రోజు నంబరు ఇస్తే గంటలు రావాలి. హైదరాబాద్ 17.4 డిగ్రీలు. జూన్ 21కి ఆ సూత్రంతో దాదాపు 13.04 గంటలు వస్తుంది. డిసెంబర్‌లో 11కి కాస్త తక్కువ. భూమధ్యరేఖ మీద ఏ రోజైనా సరిగ్గా 12. ఇదిగో, "జవాబు ముందే తెలిసిన" చోటు దొరికింది. క్యాలెండర్‌తో పోలిస్తే కొన్ని నిమిషాలు తేడా వస్తుంది. గాలిలో వెలుగు వంగడాన్ని మన సూత్రం పట్టించుకోదు, క్యాలెండర్ పట్టించుకుంటుంది. ఆ తేడా ఎంతవరకు ఒప్పుకోవాలో వాళ్లనే తేల్చమనండి. టాలరెన్స్ అనే పాఠం అక్కడే అయిపోతుంది.

ఇప్పుడు ఒక తప్పు కావాలని పెట్టివ్వండి. డిగ్రీలని రేడియన్లుగా మార్చకుండా 17.4నే ట్యాన్‌లోకి పంపే కోడు. ఏమవుతుంది? పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తులకి అటూ ఇటూ రెండేసి వారాల పైచిలుకు రోజులకి తప్ప మిగతా ఏడాదంతా నాన్, అంటే "ఇది అంకె కాదు" అన్న గుర్తు వస్తుంది. అయితే సగటు కట్టేటప్పుడు మనవాళ్లు నాన్‌మీన్ వాడతారు. అది నాన్‌లన్నిటినీ చప్పుడు చేయకుండా మింగేస్తుంది. మిగిలిన రోజుల్లో సగం ఎక్కువ, సగం తక్కువ, రెండూ కొట్టుకుపోయి ఏడాది సగటు ఇంచుమించు 12 గంటలు వస్తుంది! కళ్లకద్దుకునే అంకె. లోపలంతా బూడిద. సగటు చూసి తృప్తిపడ్డవాళ్లకి జూన్ 21 అడగండి.

తెలిసిన జవాబు ఉన్న ఇంకో చోటు ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్ఏఓ వేసిన 56వ నంబరు పుస్తకం, 1998ది. మీ ల్యాబులో అందరి టేబుల్ మీదా ఉంటుంది. అందులో ఈటీకి చేసి చూపిన లెక్కలున్నాయి: బ్యాంకాక్, ఏప్రిల్ నెల, రోజుకి 5.72 మిల్లీమీటర్లు. బెల్జియంలో ఉక్కిల్, జూలై 6, 3.9. మీవాళ్లెవరైనా తమ కోడుతో ఆ రెండూ కట్టి చూశారా అని అడగండి. నేను అడిగినప్పుడు ఎనిమిది మందిలో ఒక్కరు చేశారు.

అక్కడే ఒక తమాషా ఉంది. గాలి పట్టగల ఆవిరి పీడనం 20 డిగ్రీలకి 2.338 కిలోపాస్కల్స్. ఆ టెస్టు అందరూ రాస్తారు, అందరికీ పచ్చ చుక్క వస్తుంది. తర్వాత రోజు మొత్తానికి కట్టేటప్పుడు గరిష్ఠానికి ఒకసారి, కనిష్ఠానికి ఒకసారి కట్టి సగటు తీయాలి. చాలామంది ముందే ఉష్ణోగ్రతల సగటు తీసి, దానికి ఒక్కసారి కడతారు. 24.5, 15 ఉన్న రోజుకి సరైన పద్ధతిలో 2.39, అడ్డదారిలో 2.30. టెస్టులో గరిష్ఠం 20, కనిష్ఠం కూడా 20 అని ఇచ్చారనుకోండి, రెండు కోడ్లూ పాసే! సులువైన అంకెలు ఎంచుకున్న టెస్టు తప్పుని దాచిపెడుతుంది. ఈ ఒక్క ఉదాహరణ మీద అరగంట గడిపినా దండగ కాదు.

ఇక అసలు సంగతి, జమాఖర్చు. మా తాతది కిరాణా కొట్టు. రాత్రి గల్లాపెట్టె లెక్క తేలకపోతే అన్నం తినేవాడు కాదు. ఏ సరుకు ఎంతకి అమ్మాలో పుస్తకం చెప్పదు, కానీ జమలోంచి ఖర్చు పోతే నిల్వ తేలాలి. నీళ్లూ అంతే. వాన, తడి జమ. ఆవిరైంది, పారిపోయింది, కిందికి ఇంకింది ఖర్చు. నేలలో మిగిలింది నిల్వ. ఏ రోజుకారోజు తేలాలి. 486 నిజమో కాదో ఈ టెస్టు చెప్పదు. 486 తప్పయితే మాత్రం చాలాసార్లు ఇదే పట్టిస్తుంది.

పరువు పోయినా నాదొకటి చెబుతాను. వాతావరణ శాఖ గ్రిడ్ వాన ఫైళ్లలో కొలత లేని చోట -999 ఉంటుంది. ముప్పై ఏళ్ల వానాకాలం సగటు కట్టాను. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా 122 రోజులు, మొత్తం 3,660 రోజులు. అందులో ఒకే ఒక్క రోజు -999 దూరింది. ముప్పై ఏళ్లకి పంచితే ఏడాదికి 33 మిల్లీమీటర్లు తగ్గుతుంది. 732 రావాల్సింది 699 వచ్చింది. మైనస్ వచ్చుంటే ఎవరైనా పట్టుకునేవాళ్లు. 699 ఎంత పెద్దమనిషిలా ఉందో చూడండి! ఆ మండలంలో వాన తగ్గుతోందని ఒక మీటింగులో చెప్పేశాను కూడా. "వాన సున్నా కంటే తక్కువ ఉండదు" అన్న ఒక్క లైను రాసుంటే ఆ రోజే ఆగిపోయేది.

ఒక్కోసారి టెస్టు తప్పవుతుంది, కోడు రైటవుతుంది. మా అమ్మాయొకతె "గాలి వేగం పెరిగితే ఈటీ పెరగాలి" అని రాసింది. అందరం తలలూపాం. ఒక రోజు డేటా దగ్గర అది ఫెయిలైంది. రెండు రోజులు కోడులో తప్పు వెతికాం. చివరికి చూస్తే ఆ రోజు గాలిలో తేమ నూటికి నూరు. అప్పుడు గాలికి లాక్కుపోవడానికి ఖాళీ లేదు. అలాంటి రోజు సమీకరణంలో గాలి వేగం హారంలో మాత్రమే పనిచేస్తుంది, అందుకే ఈటీ తగ్గుతుంది. ఈటీ కట్టే ఆ సమీకరణాన్ని, పెన్‌మన్-మాంటీత్‌ని, నేను పదిహేనేళ్లుగా పాఠం చెబుతున్నాను. ఆ సంగతి ఆ రోజే నాకు ఒంటికి పట్టింది. ఆ అమ్మాయి వైవాలో అదే చెప్పింది.

---

పాత_ఫోర్ట్రాన్ రాసింది:

అమ్మా చిరుజల్లూ, పైన చెలక నేల గారు చెప్పింది బంగారం. నేను రెండు ముక్కలు కలుపుతాను. 1984లో ప్రోగ్రాము పంచ్ కార్డుల కట్ట పట్టుకుని లైన్లో నిలబడ్డవాణ్ని, కాస్త ఓపిక పట్టు.

మీ పిల్లల్లో సగం మంది సొంత కోడు రాయరు. వాళ్ల సీనియర్ వదిలి వెళ్లిందే వాడతారు. దాన్ని ముట్టుకోవాలంటే భయం, ముట్టుకోకపోతే పని జరగదు. అలాంటి కోడుకి మొదటి టెస్టు ఇదీ: పది రోజుల చిన్న డేటా ఇచ్చి నడిపి, వచ్చిన అంకెల్ని ఉన్నవున్నట్టు ఒక ఫైల్లో దాచిపెట్టు. ఏ మార్పు చేసినా మళ్లీ నడిపి ఆ ఫైలుతో పోల్చు. ఆ అంకెలు సరైనవని నేననడం లేదు. నిన్నటికీ ఇవాళ్టికీ మారలేదని మాత్రమే. మారితే నువ్వు మార్చాలనుకునే మార్చావా లేదా అన్నది తెలుస్తుంది. పిల్లల భయం పోవడానికి ఇంతకు మించిన మందు నేను చూడలేదు.

రెండోది, సరిసమానం గుర్తు వాడనీయకు. 0.1కి 0.2 కలిపితే కంప్యూటరు 0.30000000000000004 అంటుంది. కూడిక వరస మార్చినా, కంపైలర్ ఆప్టిమైజేషన్ మార్చినా చివరి అంకెలు కదులుతాయి. నా దగ్గరొకడు సమానం అని టెస్టు రాశాడు. కొత్త మెషీన్ మీద ఫెయిలైంది. "టెస్టులన్నీ బూటకం సార్" అని అన్నీ తీసేశాడు. దగ్గర దగ్గరగా ఉంటే చాలని చెప్పు. పైటెస్ట్‌లో అప్రాక్స్ ఉంది, ఏమీ చెప్పకపోతే పది లక్షల్లో ఒక వంతు తేడా ఒప్పుకుంటుంది. పైథాన్ లెక్కల లైబ్రరీ నంపైలో ఉన్న అసర్ట్ ఆల్‌క్లోజ్ ఇంకా పట్టుదల మనిషి. దాంతో జాగ్రత్త, సున్నాతో పోల్చేటప్పుడు అది అణువంత తేడా కూడా ఒప్పుకోదు, ఎంత ఒప్పుకోవాలో నువ్వే చెప్పాలి. వాన లేని రోజులే ఎక్కువ కదా మీ డేటాలో, అక్కడే తగులుకుంటారు.

ఎంత తేడా ఒప్పుకోవాలి అంటే, కొలత సంగతి వేరు, జమాఖర్చు సంగతి వేరు. వాన కొలిచే గొట్టం మీద గీతలే 0.1 మిల్లీమీటరుకి ఒకటుంటే, కొలతతో పోల్చేటప్పుడు ఆరో దశాంశం కోసం పోట్లాడడం వృథా. కానీ నిల్వ తేలడం కొలత కాదు, వట్టి కూడికా తీసివేతా. అక్కడ 0.1 తేడా వచ్చినా వదలకూడదు.

---

రైన్_ఒడ్డున రాసింది:

నేను కంప్యుటేషనల్ కెమిస్ట్రీలో పోస్ట్‌డాక్, జర్మనీ నుంచి. మొదటి పది నిమిషాలు భయపెట్టే కథలు చెప్పమంటాను. మా రంగంలో ప్రసిద్ధమైనది: 2014లో ఒక పేపరుతో పాటు కొన్ని పైథాన్ స్క్రిప్టులు వచ్చాయి, చాలామంది వాడుకున్నారు. 2019లో హవాయి విశ్వవిద్యాలయంవాళ్లు గమనించారు, అదే డేటాకి ఒక్కో ఆపరేటింగ్ సిస్టమ్ మీద ఒక్కో జవాబు వస్తోందని. గ్లాబ్ అనే ఫంక్షన్ ఫైళ్ల జాబితాని ఫలానా వరసలో ఇస్తానని ఎప్పుడూ మాటివ్వలేదు. స్క్రిప్టు మాత్రం వరసగా వస్తాయనే నమ్ముకుంది. సార్టెడ్ అని ఒక్క మాట చాలు. 2006లోదైతే ఇంకా ఘోరం. జెఫ్రీ చాంగ్ ప్రోటీన్ నిర్మాణాల పేపర్లు అయిదు వెనక్కి తీసుకున్నారు, ఇంట్లో రాసుకున్న ప్రోగ్రాము రెండు కాలమ్‌లు తారుమారు చేసిందని.

మీవాళ్లు కూడా ఒక్కో స్టేషన్‌కి ఒక్కో ఫైలు చదువుతుంటారు కదా. ఫైళ్ల వరస తిరగేసి ఇస్తే జవాబు మారకూడదు, ఈ టెస్టు అందరి చేతా రాయించండి.

---

చెలక_నేల: చివరి మాటకి నూరు మార్కులు. వరస తిప్పే టెస్టు రేపే మా ల్యాబులో పెడతాను. భయపెట్టే కథల దగ్గర మాత్రం ఒప్పుకోను. భయం టీ బ్రేకు దాకా ఉంటుంది. ఆ పైన "వాళ్లది ప్రోటీన్, మాది మొక్కజొన్న" అనుకుంటారు. పైగా థీసిస్ చివరి ఏడాదిలో ఉన్నవాడికి చెబితే టెస్టు రాయడు, ఫైలు తెరవడమే మానేస్తాడు. కథ చెప్పాలంటే మీ సొంత తప్పు చెప్పండి.

---

రైన్_ఒడ్డున: మీ -999 కథ కూడా భయపెట్టేదే కదండీ :)

---

చెలక_నేల: కాదు, అది నవ్వించేది. నేను నవ్వులపాలైంది.

---

చిరుజల్లు (అయిదు వారాల తర్వాత):

అందరికీ పేరుపేరునా థాంక్స్. క్లాసు అయ్యింది, ఏం జరిగిందో చెప్పకపోతే బాగోదు.

వంటింట్లో క్యాలెండర్ తీసుకెళ్లాను. పాల లెక్కలు, గ్యాసు బుక్ చేసిన తేదీ అన్నీ రాసున్నాయి దాని మీద, అవీ చదివారు. రేడియన్ల కోడు ఇస్తే నలుగురు ఏడాది సగటు 12 చూసి "కరెక్టే అక్కా" అన్నారు. జూన్ 21 అడిగాక వచ్చిన నిశ్శబ్దం నేను ఏడేళ్ల కంపెనీ ఉద్యోగంలో చూడలేదు. కాగితాల మీద మొత్తం అరవై రెండు "నమ్మను"లు వచ్చాయి. ఒకమ్మాయి "మా గైడుగారు ఊహించింది సరిగ్గా అంతే వస్తే నమ్మను" అని రాసింది. ఆ కాగితం దాచేశాను.

మాక్ గురించి మాట్లాడలేదు. కవరేజీ ఊసెత్తలేదు. పదహారు మందిలో పదకొండు మంది ఇప్పుడు ఏదో ఒక టెస్టు నడుపుతున్నారు. ముగ్గురు ఎఫ్ఏఓ లెక్కలు రెండూ కట్టారు. అందులో ఒకరికి బ్యాంకాక్ తేలింది, ఉక్కిల్ తేలలేదు. గాలి పది మీటర్ల ఎత్తులో కొలిచింది, దాన్ని రెండు మీటర్లకి దించకుండా వాడేశాడు, 0.748తో గుణించాలి. ఇంకొకరి ఉష్ణోగ్రతల్లో 99.9 దొరికింది, కొలత లేదని చెప్పే గుర్తు. మే నెల కాబట్టి పట్టించుకోలేదట!

మూడో ఏడాది కుర్రాడు జమాఖర్చు టెస్టు రాశాడు. అక్కడే ఆగిపోయాం. మామూలు రోజుల్లో నిల్వ తేలుతోంది. తడి పెట్టిన రోజుల్లో మాత్రం తేలడం లేదు, ఒకసారి 0.4 మిల్లీమీటర్లు, ఒకసారి 11. వారం నుంచి చూస్తున్నాం.

---

చెలక_నేల: తడి పెట్టాక నేల పట్టే దానికి మించితే ఏం చేశాడు? మించింది కిందికి ఇంకిందని ఖర్చులో రాశాడా, లేక నిల్వని గరిష్ఠం దగ్గర కోసేసి ఊరుకున్నాడా?

---

చిరుజల్లు:

కోసేశాడు. ఒక్క లైను, మినిమమ్ ఫంక్షన్. మించిన నీళ్లు ఎక్కడా రాయలేదు.

ఇంకింది అనే కాలమ్ ఉంది, మూడు సీజన్లుగా అన్నీ సున్నాలే. నీళ్లు ఇట్టే దిగిపోయే ఎర్ర చెలకలో! ఎవరం చూడలేదు. ఇక 486 అన్నది వేసిన నీళ్లలోంచి నిల్వ మార్పు తీసేసి కట్టిందట. అంటే నేలలోకి దిగిపోయిన నీళ్లన్నీ మొక్కజొన్న తాగినట్టు రాశాం. మళ్లీ కడుతున్నాడు. సోమవారం గైడుగారికి చెప్పాలి, నన్ను కూడా రమ్మంటున్నాడు.